ఎవరూ చూడని పుస్తకం ఉందని ఎలా అంటారు? చివరి రోమన్ చరిత్రకారుల వెనక ఉన్న మూలాల గురించి

మీ సందేహం ఇది కదా. ఆరేలియస్ విక్టర్, యూట్రోపియస్ రాసిన రోమన్ చక్రవర్తుల చరిత్రలు రెండూ ఇంగ్లీషులో చదివారు. మూడో శతాబ్దం దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకే నోటి నుంచి వచ్చినట్టున్నాయి. ముందుమాటలో చూస్తే, ఇద్దరూ ఇప్పుడు దొరకని ఒక పుస్తకం దగ్గర పెట్టుకుని రాశారని, దానికి పండితులు పేరు కూడా పెట్టారని ఉంది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు లేదా?" అని అడిగారు.

సామెత బాగుంది గానీ ఇక్కడ సరిగ్గా అతకదు. ఇక్కడ మనవలు కళ్ళెదుటే తిరుగుతున్నారు, అందరికీ ఒకే రకం వంకర ముక్కు ఉంది. తాతను మనం చూడలేదు కాబట్టి తాతే లేడనలేం కదా. అయితే ఆ తాత ఏం తిన్నాడు, ఎవరితో గొడవపడ్డాడు అని కూడా మనవల ముక్కులు చూసి చెప్పే పండితులున్నారు. మీ సామెత వాళ్ళకి తగులుతుంది. వాళ్ళ సంగతి తర్వాత.

నేను ముప్ఫయ్యేళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి. ఒక ఏడాది స్పాట్ వాల్యుయేషన్‌లో పేపర్లు దిద్దుతుంటే, వేర్వేరు బండిళ్ళలో ముగ్గురు నలుగురు పిల్లలు రెండో తరాయిన్ యుద్ధం 1129లో జరిగిందని రాశారు. జరిగింది 1192లో. సరైన సంవత్సరం రాసినవాళ్ళు వందమంది ఉన్నారు, వాళ్ళు ఏది చదివి రాశారో నాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. ఈ ముగ్గురు నలుగురు మాత్రం ఒకే గైడు చదివారని, ఆ గైడులో అంకెలు తారుమారయ్యాయని ఆ క్షణమే తెలిసిపోయింది. ఒకరి పేపరు ఒకరు చూసే వీలు లేదు. ఆ గైడు నేను ఈ రోజుకీ చూడలేదు. కానీ అందులో ఒక పేజీలో ఒక లైను ఎలా ఉందో మీకు చెప్పగలను.

విక్టర్, యూట్రోపియస్ పుస్తకాలు కూడా ఒక రకంగా గైడులే. నాలుగో శతాబ్దంలో పాలనాధికారుల్లో, సైన్యాధిపతుల్లో చాలామంది కిందినుంచి పైకి వచ్చినవాళ్ళు. వాళ్ళకి పాత రోమన్ చరిత్రకారుడు లివీ రాసిన నూట నలభై రెండు పుస్తకాలు చదివే తీరికా లేదు, ఓపికా లేదు. యూట్రోపియస్ 369 ప్రాంతంలో వాలెన్స్ చక్రవర్తి కోసం రోమ్ పుట్టుక నుంచి 364లో జోవియన్ చావు వరకు పది చిన్న పుస్తకాల్లో కుదించి పెట్టాడు. ఆ వెంటనే ఫెస్టస్ అంతకన్నా పొట్టిది ఒకటి రాశాడు. విక్టర్ వాళ్ళకన్నా ముందు, 361 ప్రాంతంలో, ఆగస్టస్ నుంచి తన కాలం దాకా చక్రవర్తుల గురించి మాత్రం రాశాడు. మధ్యమధ్యలో నీతులు చెప్పడం ఆయనకి మహా ఇష్టం. అందుకే విక్టర్ వాక్యం ఎక్కడ ఎవరు ఎత్తి రాసినా తెలిసిపోతుంది. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక వంకర ముక్కులు. మొదట కారకల్లా. 211 నుంచి 217 దాకా ఏలిన ఈ చక్రవర్తి తన సవతి తల్లి జూలియాను పెళ్ళాడాడని విక్టర్ రాశాడు. యూట్రోపియస్ అదే రాశాడు. హిస్టోరియా ఆగస్టా అనే చక్రవర్తుల జీవితాల సంపుటిలోనూ అదే ఉంది. నిజానికి జూలియా డోమ్నా అతని కన్నతల్లి. ఇందులో వాదానికి తావు లేదు. ఆ రోజుల్లో సెనేటరుగా ఉన్న డియో, అదే తరంవాడైన హెరోడియన్ ఇద్దరూ ఆమెను తల్లి అనే చెప్పారు. నాణేల మీద కూడా ఆమె చక్రవర్తుల తల్లి. అన్న పంపిన సైనికులు పొడిస్తే తమ్ముడు గేటా ఆమె ఒళ్ళోనే ప్రాణం విడిచాడని డియో రాశాడు. మరి ఈ పెళ్ళి కథ ఎక్కడిది? అలెగ్జాండ్రియా జనం ఆమెను యొకాస్టా అని వెక్కిరించేవారని హెరోడియన్ చెబుతాడు. గ్రీకు కథలో తెలియక కన్నకొడుకునే పెళ్ళాడిన రాణి పేరది. ఆ వెక్కిరింత పుకారైంది, పుకారు నూరేళ్ళు నోళ్ళలో నాని కథైంది, మరీ తల్లి అంటే నమ్మరని కాబోలు సవతి తల్లి అయింది. ఇంత వంకర దారిలో ఇద్దరు ముగ్గురు ఎవరికివారు నడిచి ఒకే చోటికి చేరడం కుదిరే పని కాదు.

రెండోది మారియస్. 260ల్లో గాల్ (ఇప్పటి ఫ్రాన్స్) ప్రాంతం రోమ్ నుంచి విడిపోయి సొంత చక్రవర్తుల్ని పెట్టుకుంది. వాళ్ళలో పోస్టుమస్ తర్వాత వచ్చినవాడు మారియస్, ఒకప్పుడు కమ్మరి. రెండు రోజులు ఏలి చచ్చాడని విక్టర్. రెండో రోజే చంపేశారని యూట్రోపియస్. హిస్టోరియా ఆగస్టా దాన్ని ఇంకాస్త సాగదీసి, ఒక రోజు చక్రవర్తి అయ్యాడు, మర్నాడు ఏలాడు, మూడో రోజు చచ్చాడు అని చమత్కరించింది. కానీ మారియస్ బొమ్మ ఉన్న నాణేలు ఎన్నో దొరికాయి, అవీ ఒక టంకశాలవి మాత్రమే కాదు. రెండు రోజుల్లో అచ్చులు చెక్కి అన్ని నాణేలు ముద్రించడం ఏ కమ్మరి వల్లా కాదు. అతను కొన్ని నెలలైనా ఏలి ఉండాలి. అంటే ఇద్దరికీ ఒకే తప్పు ఒకే చోటి నుంచి అందింది.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైంది. 193లో సింహాసనాన్ని వేలంలో కొన్నాడని పేరుపడ్డ డిడియస్ జూలియానస్ ఉన్నాడు కదా. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో న్యాయాధికారుల ఉత్తర్వులన్నీ ఒక క్రమంలో పెట్టిన మహా న్యాయశాస్త్రవేత్త పేరు సాల్వియస్ జూలియానస్. యూట్రోపియస్ చక్రవర్తి పేరే సాల్వియస్ జూలియానస్ అని రాసి, ఆ న్యాయశాస్త్రవేత్తకు మనవడు అన్నాడు. విక్టర్ ఇంకో అడుగు ముందుకేసి, ఆ ఉత్తర్వుల్ని క్రమంలో పెట్టింది ఈ చక్రవర్తే అన్నాడు. హేడ్రియన్ పోయింది 138లో. అప్పటికి డిడియస్ ఇంకా చిన్నపిల్లాడు!

దీన్ని కాస్త నిదానంగా చూడండి, ఎందుకంటే మీరు అడగబోయే తర్వాతి ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. యూట్రోపియస్ విక్టర్‌ను చూసి కాపీ కొట్టి ఉండొచ్చు కదా, మధ్యలో మూడో పుస్తకం ఎందుకు? అలా అయితే విక్టర్ చేసిన పెద్ద తప్పు యూట్రోపియస్‌కి కూడా రావాలి. రాలేదు, చిన్న తప్పే వచ్చింది. మూలంలో 'సాల్వియస్' అన్న పేరు, పక్కనే ఆ న్యాయశాస్త్రవేత్త ప్రస్తావన ఉండి ఉంటాయి. యూట్రోపియస్ దాన్ని ఉన్నట్టు దించాడు. విక్టర్ హడావిడిగా చదివి తాతనూ మనవణ్ణీ కలిపేశాడు. ఇంకో గుర్తు కూడా ఉంది. గాల్ చక్రవర్తుల్లో చివరివాడైన టెట్రికస్ అక్విటేనియాకు పాలకుడని ఇద్దరూ చెబుతారు, కానీ అతను రాజ వస్త్రం తొడిగింది బోర్డోలో అని యూట్రోపియస్ మాత్రమే చెబుతాడు. విక్టర్‌లో లేని ఊరి పేరు అతనికి విక్టర్ నుంచి రాదు.

ఈ లెక్కలన్నీ మొదట వేసి చూపించినవాడు అలెగ్జాండర్ ఎన్మన్ అనే బాల్టిక్ జర్మన్ పండితుడు, 1884లో. దొరకని ఆ పుస్తకాన్ని జర్మన్‌లో 'కైజర్‌గెషిష్టె' అన్నాడు, అంటే చక్రవర్తుల చరిత్ర. అది పుస్తకం అసలు పేరు కాదు, పిలుచుకోవడానికి పెట్టుకున్న ముద్దుపేరు. అసలు పేరు, రాసినవాడి పేరు రెండూ పోయాయి.

ఎన్మన్ కథలో ఒక మలుపు ఉంది. హిస్టోరియా ఆగస్టా తనను తాను డయొక్లీషియన్, కాన్‌స్టంటైన్ చక్రవర్తుల కాలాల్లో ఆరుగురు రాసిన గ్రంథంగా చెప్పుకుంటుంది. ఎన్మన్ ఆ మాట నమ్మాడు. అందులోనూ అవే తప్పులున్నాయి కాబట్టి మూలం డయొక్లీషియన్ కాలానికే పూర్తయి ఉండాలని, తర్వాతి భాగం ఎవరో కొనసాగించారని అనుకోవాల్సి వచ్చింది. సరిగ్గా అయిదేళ్ళకి, 1889లో, హెర్మన్ డెస్సావు ఆ నమ్మకాన్ని కూల్చేశాడు. ఆరుగురూ లేరు, ఒక్కడే రాశాడు, అదీ నాలుగో శతాబ్దం చివర్లో అన్నాడు. ఆయన చూపిన రుజువుల్లో ఒకటి కారకల్లా తండ్రి సెవెరస్ చక్రవర్తి జీవితంలో ఉంది. 305లో గద్దె దిగిన డయొక్లీషియన్‌ను పలకరిస్తూ సాగే ఆ జీవితంలో 361 నాటి విక్టర్ వాక్యాలు దిగబడి ఉన్నాయి. ఇద్దరికీ ఒకే మూలం ఉండొచ్చు కదా అని కొందరు అడ్డుపడ్డారు. కానీ అవి ఆ నీతుల ధోరణి ఉన్న వాక్యాలు, విక్టర్ నోటి నుంచి తప్ప రానివి. దాంతో కైజర్‌గెషిష్టెకి డయొక్లీషియన్ గడప దాటే స్వేచ్ఛ వచ్చింది. అది 337లో కాన్‌స్టంటైన్ చావుతో ముగిసిందని కొందరు, 357లో స్ట్రాస్‌బర్గ్ యుద్ధం దాకా నడిచిందని కొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఎన్మన్ అసలు మాట నిలబడింది, అతను దానికి ఆనించిన గోడ మాత్రం పడిపోయింది.

ఇంతవరకూ విన్నా మీకు ఒక అనుమానం మిగిలే ఉంటుంది. ఇదంతా లోపలి తర్కమే, బయటి సాక్ష్యం ఏదీ అని. అందుకు జోసిమస్ దగ్గరికి వెళ్ళాలి. ఈ పద్ధతి సరిగ్గా పనిచేస్తుందని నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

జోసిమస్ 500 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో ఖజానాకు సంబంధించిన ప్రభుత్వ వకీలుగా చేసి, గ్రీకులో ఒక చరిత్ర రాశాడు. అందులో సైన్యాధిపతి స్టిలికో మొదట దోపిడీదారు. తూర్పు ఆస్థానంలో పెత్తనం చేసే రూఫినస్, అతనూ కలిసి సామ్రాజ్యాన్ని పంచుకు తింటున్నట్టు ఉంటుంది. కొంచెం ముందుకు వెళ్ళాక అదే స్టిలికో, 408లో హత్యకు గురైనప్పుడు, ఆ రోజుల్లో అధికారం చేసినవాళ్ళందరిలోకీ మితంగా నడుచుకున్నవాడైపోయాడు. నడుమ మనసెందుకు మారిందో జోసిమస్ ఒక్క ముక్క చెప్పడు. మార్పు 407 సంఘటనల దగ్గర జరుగుతుంది. అదే చోట కథ కూడా తడబడుతుంది. గోతులనే జర్మానిక్ జాతి రాజు అలారిక్ మొదటిసారి ఇటలీ మీద పడ్డ ఘట్టం, 402లో పొల్లెంటియా యుద్ధం, మొత్తానికే లేవు. ఇంకో గోతు నాయకుడు రదగైసస్‌ను ఓడించింది ఇటలీలో, ఫ్లోరెన్స్ పక్కన ఫియెసొలే దగ్గర, 406లో. జోసిమస్ మాత్రం స్టిలికో డాన్యూబ్ దాటి వెళ్ళి కొట్టాడంటాడు. రెండు బట్టలు కలిపి కుట్టినచోట కుట్టు పైకి కనబడుతుంది చూడండి, అలాగ.

తొమ్మిదో శతాబ్దంలో ఫోటియస్ అనే బైజాంటియమ్ పండితుడు తాను చదివిన పుస్తకాల గురించి 280 నోట్సు రాసిపెట్టాడు. ఆయన చదివినవాటిలో సగానికి సగం ఇప్పుడు లేవు. జోసిమస్ గురించి ఆయన అన్నమాట: ఇతను చరిత్ర రాయలేదు, తనకు ముందు చరిత్ర రాసిన యునాపియస్‌ను దించుకున్నాడు, కాకపోతే కుదించాడు, పైగా స్టిలికోను యునాపియస్ తిట్టినట్టు తిట్టడు. ఒలింపియోడోరస్ అనే ఇంకో చరిత్రకారుడి పుస్తకం 407లో మొదలై 425 దాకా సాగిందని కూడా ఫోటియస్ వేరేచోట రాశాడు. ఇప్పుడు లెక్క కలిసింది. యునాపియస్ 404 దగ్గర ఆగిపోయాడు, జోసిమస్ చేతిలో పుస్తకం అయిపోయింది, రెండోది 407 నుంచి కానీ మొదలవదు. నడుమ ఖాళీని తోచినట్టు పూడ్చాడు. రెండో పుస్తకం స్టిలికోను మెచ్చుకునేది కాబట్టి జోసిమస్ కూడా మెచ్చుకున్నాడు. లోపలి కుట్టు మాత్రమే చూసి ఒకరు ఊహించగలిగింది, ఆ రెండు పుస్తకాలూ చేత్తో పట్టుకున్న మనిషి మాటతో సరిపోయింది.

పక్కదారే గానీ చెప్పకుండా ఉండలేను. ఈ ఒలింపియోడోరస్ ఈజిప్టువాడు, కవి. ఇరవయ్యేళ్ళు ఒక చిలకను పెంచాడట. అది ఆడేది, పాడేది, మనుషుల్ని పేరు పెట్టి పిలిచేదట. ఇరవై రెండు పుస్తకాల చరిత్రలో చాలా భాగం మట్టిలో కలిసింది, చిలక మాత్రం ఫోటియస్ దయవల్ల బతికింది.

పోయిన పుస్తకం ఎప్పుడైనా తిరిగి దొరుకుతుందా అంటే, అరుదుగా దొరుకుతుంది. డెక్సిప్పస్ అనే ఏథెన్స్ చరిత్రకారుడు మూడో శతాబ్దంలో గోతుల దండయాత్రల గురించి రాశాడు. ముక్కలు తప్ప మిగల్లేదనుకున్నారు. వియన్నాలో ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలోని ఒక చేతిరాత పుస్తకంలో, పాత రాత గీకేసి పైన వేరేది రాసిన తోలు పుటలు కొన్ని ఉన్నాయి. రకరకాల కాంతుల్లో ఫోటోలు తీసి అడుగు రాతను చదివితే అది డెక్సిప్పస్ అని తేలింది. యానా గ్రుస్కోవా, గున్‌థర్ మార్టిన్ 2014 నుంచి ఆ పాఠాన్ని ప్రచురిస్తూ వచ్చారు. అందులో గోతు నాయకుడిగా ఆస్ట్రోగోతా అన్న పేరుంది. ఆరో శతాబ్దపు జోర్డానెస్ పుస్తకంలో ఈ పేరు ముందే ఉంది గానీ, ఆస్ట్రోగోతు జాతి పేరు నుంచి పుట్టించిన కల్పిత రాజని చాలామంది కొట్టిపారేశారు. జోర్డానెస్ కూడా ఇంకొకరి పుస్తకాన్ని కుదించినవాడే. కాసియోడోరస్ రాసిన, ఇప్పుడు దొరకని పన్నెండు పుస్తకాల గోతుల చరిత్రను మూడు రోజులు మాత్రమే అరువు తెచ్చుకుని చదివానని తనే ఒప్పుకున్నాడు. అయినా అతని కథలో ఒక పాత మూలం నిజంగానే మిగిలి ఉంది. కొట్టిపారేసినవాళ్ళు తొందరపడ్డారన్నమాట.

అలాగని దొరకని పుస్తకం పేరు ఎవరు చెప్పినా నమ్మేయకండి. హిస్టోరియా ఆగస్టా ఆ విద్యలో ఆరితేరింది. జూనియస్ కోర్డస్ అనే చరిత్రకారుణ్ణి పదేపదే ఉటంకిస్తుంది, అంతటితో ఆగకుండా అనవసరమైన చిల్లర విషయాలన్నీ రాస్తాడని అతన్ని తిడుతుంది కూడా. ఆ మనిషి ఎక్కడా లేడు. టాసిటస్ చక్రవర్తిని సెనేట్ ఎన్నుకున్న తీర్మానం నమ్మకపోతే, ఉల్పియన్ గ్రంథాలయంలో ఆరో అలమారాలో ఏనుగు దంతపు పుస్తకం ఉంది, వెళ్ళి చూసుకోండి అంటుంది. అలమారా నంబరు చెప్పాడు కదా అని ఎందరో పెద్దవాళ్ళు బోర్లాపడ్డారు. ఆరేలియన్ జీవితం మొదట్లో రథంలో ఒక సంభాషణ ఉంది. నగరాధికారి టిబేరియానస్ రచయితతో, చరిత్రకారుల్లో అబద్ధమాడనివాడు లేడు, నీకు తోచింది రాసుకో, అబద్ధాల్లో నీకు పెద్ద పెద్ద వాళ్ళు తోడున్నారు అంటాడు. ఇంతకన్నా బాహాటంగా ఎవరు చెబుతారు!

కానీ అదే దొంగ ఇంకోచోట అందరికన్నా నిజం చెబుతాడు. బ్రిటన్‌లో సముద్రం నుంచి సముద్రం దాకా కట్టిన గోడను విక్టర్, యూట్రోపియస్ ఇద్దరూ సెవెరస్ ఖాతాలో వేశారు. అది కూడా ఆ గైడు తప్పే. హేడ్రియన్ కట్టాడని, పొడవు 80 రోమన్ మైళ్ళని చెప్పింది, లాటిన్ రచనల్లో నాకు తెలిసినంతలో, హిస్టోరియా ఆగస్టాలోని హేడ్రియన్ జీవితమే. రెండో శతాబ్దపు చక్రవర్తుల వరకు ఆ రచయిత దగ్గర ఇంకో మంచి మూలం ఉంది, అదీ పోయింది. ఆ మూలం అయిపోయాక కల్పన మొదలైంది. కాబట్టి ఒక పుస్తకాన్ని నమ్మాలా వద్దా అని మొత్తానికి అడిగితే జవాబు రాదు. ఏ పేజీ దగ్గర అతని చేతిలో ఏ పుస్తకం ఉంది అని అడగాలి.

ఇక తాత తిండి గురించి చెప్పే పండితులు. 394లో ఫ్రిగిడస్ నది యుద్ధంలో ఓటమి తర్వాత ఆత్మహత్య చేసుకున్న నికోమాకస్ ఫ్లావియానస్ అనే సెనేటరు ఒక చరిత్ర రాశాడు. ఆ విషయం శిలాశాసనాల వల్ల తెలుసు. ఒక శాసనం ఆయన్ని చక్కటి వాక్పటిమ గల చరిత్రకారుడంటుంది. 431లో ఆయన గౌరవాన్ని పునరుద్ధరిస్తూ రోములో ట్రాజన్ ఫోరమ్‌లో పెట్టినది, ఆ చరిత్రను తనకే అంకితమివ్వాలని థియొడోసియస్ చక్రవర్తి కోరాడంటుంది. అంతే. ఆ పుస్తకం నుంచి ఒక్క వాక్యం కూడా మిగల్లేదు. అది చక్రవర్తుల గురించో, పాత గణతంత్ర రాజ్యం గురించో కూడా తెలియదు. అయినా, పన్నెండో శతాబ్దపు బైజాంటియమ్ చరిత్రకారుడు జోనారస్ దగ్గర కనిపించే కొన్ని పాశ్చాత్య వివరాలకి మూలం ఇదేనని, క్రైస్తవానికి ఎదురు నిలిచిన సెనేటర్ల దృష్టితో రాసిందని పెద్ద సిద్ధాంతాలు లేచాయి. అలన్ కామెరాన్ అనే పండితుడు 2011లో వాటిని తీవ్రంగా ఖండించాడు. నేను ఆయన పక్షమే. కైజర్‌గెషిష్టెకి పేరు లేదు గానీ ఆనవాళ్ళున్నాయి. ఫ్లావియానస్‌కి పేరు ఉంది, ఆనవాలు లేదు. నేనైతే మొదటిదాన్నే నమ్ముతాను.

మన గుణాఢ్యుడి బృహత్కథ సంగతి మీకు తెలిసే ఉంటుంది. పైశాచీ అనే ప్రాకృత భాషలో ఉన్న మూలం పోయింది. కశ్మీరులో పదకొండో శతాబ్దంలో క్షేమేంద్రుడు, సోమదేవుడు చేసిన సంస్కృత రూపాలు రెండూ బాగా కలుస్తాయి కాబట్టి గుణాఢ్యుడి కథ ఇదేనని చాలాకాలం అనుకున్నారు. తర్వాత నేపాల్‌లో బుధస్వామి శ్లోకసంగ్రహం బయటపడింది. కథనం చాలా వేరుగా ఉంది. అంటే ఆ ఇద్దరి పోలిక మనల్ని తీసుకెళ్ళింది కశ్మీరులో ఉన్న ఒక నడిమి బృహత్కథ దాకానే, గుణాఢ్యుడి దాకా కాదు. విక్టర్, యూట్రోపియస్‌ల పోలిక కూడా ఆ గైడు దాకానే తీసుకెళుతుంది. మూడో శతాబ్దంలో నిజంగా ఏం జరిగిందో దానివల్ల తెలియదు, మారియస్ రెండు రోజుల ఏలుబడి సాక్షిగా.

మీరు స్వయంగా చూడాలనుకుంటే ఒక సాయంత్రం చాలు. విక్టర్ 33వ అధ్యాయం, యూట్రోపియస్ 9వ పుస్తకం 9, 10 విభాగాలు పక్కపక్కన పెట్టుకోండి. మైంజ్ పట్టణాన్ని దోచుకోనివ్వలేదని పోస్టుమస్‌ను సొంత సైనికులే చంపిన చోట మొదలుపెట్టి, సంగతులు ఏ వరసలో వస్తున్నాయో కాగితం మీద రాసుకుంటూ టెట్రికస్ దాకా రండి. లాటిన్ రాకపోయినా ఫరవాలేదు, అనువాదంలో కూడా కనిపిస్తుంది. మారియస్ దగ్గర ఆగి, మ్యూజియం సైట్లలో అతని నాణేల ఫోటోలు ఎన్ని ఉన్నాయో ఓసారి లెక్కపెట్టండి.